తాజా మాంసమను భ్రమ

వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు జాతీయ రహదారి వర్ధన్నపేట మీదుగా పోవుచున్నది. ఆ దారిన పోవు బండ్లను కొంచెము శ్రద్ధతో గమనించువారికి ఒక విచిత్రము కానవచ్చును. పాలు చల్లని తొట్టిలో పోవుచున్నవి. పిల్లల ఐస్‌క్రీము చలిపెట్టెలో పోవుచున్నది. 2021లో కోవిడు టీకాలు రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చలిలో భద్రముగా ఊరూరికిని వచ్చినవి. మాంసము మాత్రము ప్రాణముతో నాలుగు కాళ్లపై నిలిచి, ఒకదానినొకటి త్రొక్కుకొనుచు, నోరెండి, లారీలో ప్రయాణము చేయుచున్నది. పట్టణము చేరిన పిమ్మట కోయబడి, దుకాణము ముంగిట ఇనుప కొక్కెమునకు వ్రేలాడుచు, దారిన పోవు ప్రతి బండి రేపిన ధూళిని తనపై వేసికొనుచున్నది. దీనికి మనము పెట్టుకొన్న పేరు తాజా మాంసము!

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. పట్టణమునకు పోవలసినది మాంసము గాని యాట గాదు. గొఱ్ఱెలు పెరిగిన సీమలోనే, శుభ్రమైన వధశాలలో యాటను కోసి, చల్లబరచి, శీతల లారీలో వ్రేలాడదీసి కొనిపోవుటయే న్యాయము, ఆరోగ్యము, లాభము. దీనికి అడ్డుపడుచున్నది యంత్రము లేకపోవుట గాదు; చట్టము లేకపోవుటయు గాదు. చదువుకొన్న మన యిండ్లలో పాతుకొనియున్న తాజాదనపు మూఢనమ్మకమే ముఖ్యమైన అడ్డంకి.

మొదట పూర్వులకు న్యాయము చేయవలెను. తాజా మాంసమను మాట పుట్టిననాడు అది భ్రమ గాదు. పల్లెలో నలుగురు గృహస్థులు కలిసి ఒక యాటను కొందురు, తెల్లవారుజామున కోయింతురు, పోగులు వేసి పంచుకొందురు, రెండు మూడు గడియలలో అది పొయ్యి మీద నుండును. మిగిలిన దానిని ఉప్పు పసుపు రాచి ఎండబెట్టి ఒరుగులు చేసికొందురు. తినువారును యాటయు ఒక్క ఊర నున్నంతకాలము ఇంతకు మించిన పద్ధతి లేదు. ఆ పెద్దలు కాలమును లెక్కించిరి. కోసిన క్షణమునకును వండిన క్షణమునకును నడుమ వ్యవధి తక్కువగా నుండవలెనని ఎరిగిరి. మనమో, ఆ లెక్కను మరచి, వెచ్చదనమును మాత్రము పట్టుకొంటిమి. ముట్టినచో వెచ్చగా నుండుటయే మంచి మాంసమునకు గురుతని నమ్ముచున్నాము.

ఇప్పుడు నడుమ దూరము వచ్చినది. తినువారు హైదరాబాదునను హనుమకొండయందును ఉన్నారు. గొఱ్ఱెలు వర్ధన్నపేట, రాయపర్తి, పర్వతగిరి పల్లెలలో మేయుచున్నవి. ఈ దూరమును ఎవరో యొకరు మోయక తప్పదు. యాట మోయవలెనా, చలి మోయవలెనా? ప్రశ్న యింతే.

యాట మోసినప్పుడు ఏమి జరుగుచున్నదో చూతము. ప్రాణముతోనున్న గొఱ్ఱెలో మాంసముగా చేతికి వచ్చునది ఇంచుమించు సగము. ఇరువదియైదు కిలోల గొఱ్ఱెనుండి పండ్రెండు కిలోల మాంసము దొరికినచో అది మంచి యాటయే. తక్కినది తల, కాళ్లు, చర్మము, ప్రేగులు, పేడ, రక్తము. అనగా లారీ మోసిన బరువులో సగము మాంసము గాదు. దారిలో నీరులేక, మేతలేక, భయముచే వణకుచు వచ్చిన జీవము బరువు తగ్గును, కొన్ని చచ్చును, కొన్నింటి కాళ్లు విరుగును. భయముతో అలసిన జీవము కండరములలోని పిండిశక్తి ముందుగానే ఖర్చగును. అట్టి మాంసము నల్లబడి, త్వరగా చెడును. కావున యాటను హింసించినది తినువారికిని మేలుచేయలేదు.

1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారము నాలుగున్నర, అయిదు టన్నుల లారీలో నలుబది గొఱ్ఱెలకు మించి ఎక్కింపరాదు. నలుబది గొఱ్ఱెలనగా అర టన్ను మాంసమైనను గాదు. అంత పెద్ద బండికి అంత తక్కువ సరకు గిట్టదు. కావున లెక్కకు మించి క్రుక్కుట వ్యాపారమునకు అవసరమగుచున్నది, నియమోల్లంఘనము అలవాటగుచున్నది. నిబంధన మంచిదే; కాని ప్రాణముతో తోలుకొనిపోవు పద్ధతియే ఆ నిబంధనను ఓడించుచున్నది. అదే బండి చల్లబరచిన మాంసమును కొనిపోయినచో, నియమమును మీరకయే అంతకు ఎన్నో రెట్లు మాంసము తీసికొనిపోవచ్చును.

ఇక చలి ఆ దూరమును ఎట్లు మోయునో విచారింతము. కోసి, చర్మము తీసి, లోపలి అవయవములను తొలగించిన పిమ్మట యాటను వెనుక కాలి మడమ నరమునకు కొక్కెము తగిలించి వ్రేలాడదీయుదురు. ఇది అలంకారము గాదు. వ్రేలాడినప్పుడు మిగిలిన రక్తము క్రిందికి కారిపోవును. చల్లగాలి నలువైపుల నుండి తగులును. ఒక యాట మరియొక దానికిగాని, గోడకుగాని, నేలకుగాని ఆనకుండును. రాశిగా పోసిన మాంసము నడుమ వేడి చిక్కుకొని అక్కడ కుళ్లు పుట్టును. శీతల లారీ కప్పునకు ఇనుప పట్టాలు బిగించి, వానిపై కొక్కెములు జరుగునట్లు అమర్చుటకు కారణమిదియే. లోపలి చలి సున్న మొదలు నాలుగు డిగ్రీల నడుమ నుండవలెను.

ఇందు ఒక ముఖ్యమైన సూక్ష్మమున్నది. శీతల లారీ వేడి మాంసమును చల్లార్చునది గాదు. చల్లారిన మాంసమును చల్లగా నుంచునది మాత్రమే. వెచ్చని మాంసమును తెచ్చి అందు వ్రేలాడదీసినచో యంత్రము చేయునదేమియు లేదు. కావున లారీకంటె ముందు వధశాలయందు చల్లని గది కావలెను. ఆ గదిలోనైనను కోసిన వెంటనే గడ్డకట్టు చలిలో పడవేయరాదు. అట్లు చేసినచో గొఱ్ఱె కండరము ముడుచుకొని గట్టిపడును. మొదటి కొన్ని గంటలు చలిని క్రమముగా దింపవలెను. చల్లని మాంసము రుచిలేనిదని కొందరు చెప్పుట ఇట్టి తొందరపాటువలన చెడిన మాంసమును తిని కావచ్చును. ఆ తప్పు చలిది గాదు, చేతకానితనముది.

రుచి మాట వచ్చినది గనుక దానినే విడమరచి చెప్పెదము. యాట ప్రాణము విడిచిన తోడనే కండరములు మెత్తగా నుండును. కొన్ని గంటలకు బిగిసిపోవును. చలిలో ఒక దినము వ్రేలాడిన పిమ్మట మరల సడలి మెత్తబడును. పల్లెలో కోసిన వెంటనే వండిన కూర మెత్తగా నుండుట మొదటి స్థితివలన. పట్టణమున ఆదివారమునాడు నాలుగు గంటలకు కోసిన యాటను పది గంటలకు కొని పదకొండింటికి పొయ్యిపై నెక్కించు గృహస్థు, మాంసము సరిగా బిగిసియున్న వేళ దానిని వండుచున్నాడు. అందుచేతనే ఇల్లాలు పచ్చి బొప్పాయి ముక్క వేయవలసివచ్చుచున్నది. కుక్కరు అన్ని కూతలు కూయవలసివచ్చుచున్నది. తాజాదనపు రుచియని పొగడుకొనుచున్న దానిలో సగము ఆ బొప్పాయి ముక్కదే.

ఆరోగ్యము మాట అంతకంటె గట్టిది. అయిదు డిగ్రీలకును అరువది డిగ్రీలకును నడుమ సూక్ష్మజీవులు వేగముగా పెరుగును. అనుకూలమైన వెచ్చదనమున కొన్ని ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగును. ఆ లెక్కన అయిదు గంటలలో ఒకటి ముప్పది రెండు వేలు దాటును. వేసవిలో ఓరుగల్లు సీమయందు ఎండ నలుబది డిగ్రీలు దాటుట అందరెరిగినదే. ఆ యెండలో దారిప్రక్కన వ్రేలాడు మాంసము ఈ జీవులకు నెలవు. వండినప్పుడు చచ్చును గదా యందురేమో. కూరలోనివి చచ్చును, మాంసము కడిగిన గిన్నెపైని, కోసిన పలకపైని, ఇల్లాలి చేతిపైని నున్నవి చావవు. అవి పచ్చడిలోనికిని పసిపిల్లవాని పాలసీసాకును చేరును. ఆ పిమ్మట పిల్లవాడు వాంతులతో మంచము పట్టినచో దిష్టియందుము, ఎండదెబ్బయందుము. కొక్కెమును మాత్రము అనుమానింపము.

ఇదే గృహస్థు నిన్నటి కూరను ఫ్రిజ్జులో పెట్టి మూడునాళ్లు తినును. చల్లని పాలను కాచి త్రాగును. సముద్రమునుండి మంచుగడ్డలలో వచ్చిన చేపను ఇష్టముగా కొనును. యాటకూర దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము, చలిలో ఒక దినమున్న మాంసమును నిలవసరకని ముఖము చిట్లించును. దీనిని వివేకమందుమా? ఫ్రిజ్జును నమ్మినవానికి శీతల లారీని నమ్మకుండుటకు కారణమేమి?

ఇక ఆక్షేపణలు. మాంసమును చలిలో పెట్టుట మతాచారమునకు విరుద్ధమని కొందరందురు. కోయు విధి ఒక్కొక్క మతమున ఒక్కొక్కటి. ముస్లిము సోదరులు తమ విధిని, తక్కినవారు తమ విధిని అనుసరింతురు. చలి వచ్చునది ఆ విధి ముగిసిన పిమ్మట. దానికి మతము లేదు. గల్ఫు దేశములకు చల్లని మాంసము ఓడలలోను విమానములలోను పోవుచునే యున్నది.

మేము మాంసము తినము, ఈ గొడవ మాకేల యని శాకాహారులు అందురు. 2014 నాటి నమూనా నమోదు గణన ప్రకారము తెలంగాణలో పదునైదేండ్లు దాటినవారిలో నూటికి తొంబది యెనిమిదిమందికి పైగా మాంసాహారులు. ఇంతమంది తినునది శుభ్రముగా నుండవలెనా వలదా యను ప్రశ్న ఊరి ప్రశ్న, మురుగు కాలువ ప్రశ్న, అంటువ్యాధి ప్రశ్న. జీవకారుణ్యము గలవారు తాము తినకుండుటతో తృప్తి చెందరాదు. తినబడు జీవము చివరి ప్రయాణమున పడు హింసను తగ్గించుటయు కారుణ్యమే.

చలి ఖరీదైనదని వేరొక మాట. ఔను, డీజిలునకు, యంత్రమునకు, కరెంటునకు డబ్బు కావలెను. కాని దారిలో చచ్చిన గొఱ్ఱె ఖరీదు, తగ్గిన బరువు ఖరీదు, మోసిన సగము వ్యర్థపు కిరాయి, సాయంకాలమునకు చెడి పారవేసిన మాంసపు ఖరీదు నేడు మనము ఇచ్చుట లేదా? అవి ధరలో కనబడకుండ కలిసియున్నవి. కనబడు ఖర్చునకు భయపడి కనబడని ఖర్చును భరించుట లెక్క తెలియనివారి పని.

మా దృష్టిలో అన్నిటికంటె బరువైన ఆక్షేపణ మరియొకటి. చలి యంత్రము ధనవంతుని చేతిలో పడి, గొల్లకురుమలను, కటికవారిని మ్రింగివేయదా? ఈ భయము వట్టిది గాదు. చరిత్ర దీనిని బలపరచుచున్నది. 1868లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున విలియం డేవిస్ అనువాడు రూపొందించిన, మంచు, ఉప్పు కలిపి చల్లబరచు రైలుపెట్టెను ఒక మాంసవర్తకుడు కొని, అట్టి పెట్టెలలో మాంసమును వ్రేలాడదీసి పంపెను. మలుపు వచ్చినప్పుడు వ్రేలాడు బరువంతయు ఒక ప్రక్కకు ఊగి పెట్టెలు పట్టాలు తప్పినవి. ఆ యేర్పాటును మానుకొనవలసివచ్చెను. వ్రేలాడు మాంసమును మోయు లారీ చోదకునకు నేటికిని ఇది మొదటి పాఠము. మలుపులో తొందరపడినచో సరకే బండిని పడవేయును. అటు పిమ్మట గుస్టావస్ స్విఫ్ట్ అనువాడు 1880 ప్రాంతమున మంచి చలిపెట్టెలను చేయించెను. రైలు కంపెనీలు ఆయనను ఎదిరించినవి. ఏలయన, బ్రతికిన పశువు బరువెక్కువ, కిరాయి ఎక్కువ. పశువుల దొడ్లపై వారి పెట్టుబడియు పెద్దది. 1882లో న్యూజీలాండునుండి డునెడిన్ అను తెరచాపల ఓడ సుమారు అయిదువేల గొఱ్ఱెల మాంసమును గడ్డకట్టించి లండనునకు చేర్చెను. లారీపై నిలుచు చలియంత్రమును 1930 దశకము చివర రూపొందించినది ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్. చిన్ననాటనే దిక్కులేనివాడై, బడిచదువు అంతగా లేక, తన కృషిచేతనే యంత్రవిద్య నేర్చిన నల్లజాతివాడు.

చలి గెలిచెను. కాని స్విఫ్టు మొదలగు కొలదిమంది వర్తకులు అమెరికా మాంసమంతటిని తమ గుప్పిట పట్టిరి. పశువుల రైతు వారు చెప్పిన ధరకు అమ్మవలసినవాడయ్యెను. వధశాల కూలివాని బ్రతుకు దుర్భరమయ్యెను. అప్టన్ సింక్లేర్ 1906లో ప్రకటించిన నవల ఆ కథను లోకమునకు తెలిపిన పిమ్మట గాని మాంస తనిఖీ చట్టము రాలేదు. దీనినుండి మేము నేర్చుకొనునది చలి వలదని గాదు. చలి యెవరి చేతిలో నుండవలెనో ముందే నిశ్చయించుకొనవలెనని.

ఓరుగల్లు సీమయందు ఆ చేతులు సిద్ధముగా నున్నవి. ఐనవోలు మల్లన్న జాతరకు సంక్రాంతినాడు కదలివచ్చు గొల్లకురుమలను చూచినవారికి ఈ నేలపై గొఱ్ఱెలకును మనుష్యులకును గల బంధమెంత పాతదో తెలియును. 2017లో రాష్ట్ర ప్రభుత్వము నూటికి డెబ్బదియైదు వంతుల రాయితీపై ఇరువది గొఱ్ఱెలను ఒక పొట్టేలును కలిపి పంచు పథకమును ఆరంభించెను. 2019 పశుగణనలో తెలంగాణ సుమారు ఒక కోటి తొంబది లక్షల గొఱ్ఱెలతో దేశమున మొదటి స్థానమున నిలిచెను. గ్రామగ్రామమున గొఱ్ఱెల పెంపకందారుల సహకార సంఘములున్నవి. గొఱ్ఱెలున్నవి, సంఘములున్నవి, కాని యాటను అమ్మునప్పుడు కాపరి నేటికిని ఒంటరివాడే. అంగడిలో దళారి కంటికొలతతో బేరమాడును. తూనిక లేదు. ఎంత మాంసము వచ్చునో దళారికి తెలియును. కాపరికి తెలిసినను చెల్లదు. సంఘమే కోయించి, తూచి, చల్లబరచి, తన లారీలో పంపినచో ధర కిలో లెక్కన సంఘమునకే వచ్చును.

కటికవారి మాట మరువరాదు. వారి వృత్తి హేయమని యెంచి, వారి కత్తివలన వచ్చిన కూరను మాత్రము రుచియని తినుట మన సంఘమున పాతబడిన కపటము. వారు చీకటితో లేచి, నీళ్లు సరిగా లేని చోట, మురుగు కాలువ ప్రక్కన కోయుచున్నారు. వారి చేతిలోని నేర్పు ఏ యంత్రమునకును రాదు. వధశాలయందు వారు కూలివారుగా గాక భాగస్వాములుగా నుండవలెను. కాపరియు కటికయు కలిసి యజమానులు గాని శీతల లారీని మేము కోరము. అట్టి లారీ దళారికి కొత్త బండి మాత్రమే యగును.

చట్టమును చూడుడు. 2001 నాటి వధశాలల నిబంధనల ప్రకారము పురపాలక ప్రాంతమున అనుమతి గల వధశాలయందు దప్ప కోయరాదు, పశువైద్యుడు పరీక్షింపవలెను, ఆయన గంటకు పండ్రెండింటిని, దినమునకు తొంబదియారింటిని మించి చూడరాదు, ఒక జీవము కన్నుల యెదుట మరియొక దానిని కోయరాదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు మాంసమును మూత లేకుండను, మనుష్యులెక్కు బండ్లలోను తీసికొనిపోరాదనుచున్నవి. వర్ధన్నపేట 2018లో పురపాలక సంఘమైనది. పేరు మారినచో పన్ను మారును, బాధ్యత మారవలదా? మాంసపు సంచి ఆటోలో ప్రయాణికుల కాళ్ల నడుమ పోవుటను తెలంగాణ పట్టణములలో చూడనివారెవరు? చట్టము పుస్తకమున చల్లగా నున్నది. మాంసము దారిలో వేడిగా నున్నది.

మనకు ఈ విద్య రాదనుటకును వీలులేదు. సంగారెడ్డి జిల్లా రుద్రారమునందు విదేశములకు మాంసమును పంపు కబేళా కలదు. ఎగుమతి చేయు గేదెమాంసమును ముందు రెండు మొదలు నాలుగు డిగ్రీల చలిలో ఇరువదినాలుగు గంటలు వ్రేలాడదీసి, పిమ్మట ఎముకలు తీసి, గడ్డకట్టించి పంపవలెనని నియమము. మాంసవిద్యను పరిశోధించు జాతీయ సంస్థ హైదరాబాదు చెంతనే చెంగిచెర్లయందున్నది. పరదేశి భోక్తకు ఇరువదినాలుగు గంటల చలి. మన పిల్లలకు ఇరువదినాలుగు ఈగలు! ఈ భేదమును మనపై ఎవరును రుద్దలేదు. పరదేశి అడిగెను, మనము అడుగలేదు, అంతే.

కావున అడుగుదము. వర్ధన్నపేట వంటి ప్రతి మండల కేంద్రమున చల్లనిగది గల చిన్న వధశాల కావలెను. దానిని గొఱ్ఱెల కాపరుల సంఘమును కటికవారును కలిసి నడుపవలెను. లారీలోని చలిని దారి పొడుగునను వ్రాసియుంచు యంత్రముండవలెను. ఆ వ్రాతను అంగడివాడు కొనువానికి చూపవలెను. డీజిలు మిగుల్చుకొనుటకై నడుమ యంత్రమునాపి, ఊరి పొలిమేరలో మరల నడిపించు లారీ బాహాటపు కొక్కెము కంటె అపాయకరము. ఏలయన కొక్కెము తన మురికిని దాచదు. పురపాలక సంఘము ముందు వధశాలను కట్టి, పిమ్మట దారిప్రక్క అమ్మకమును ఆపవలెను. కట్టక మునుపే కటికవారి కొక్కెములను పీకివేయుట సంస్కారము గాదు, దౌర్జన్యము.

గృహస్థులారా, గృహిణులారా, తక్కినది మీ చేతిలో నున్నది. అంగడివాడు మీరు కోరినదే వ్రేలాడదీయును. వెచ్చగా నున్నదా యని మీరు అడిగినంతకాలము అతడు ఎండలోనే వ్రేలాడదీయును. ఎప్పుడు కోసితివి, ఎక్కడ కోసితివి, ఎంత చలిలో తెచ్చితివి యని మీరడిగిననాడు అతడు మూతబండిని వెదకును. రానున్న ఆదివారము సంచి పట్టుకొని బయలుదేరినప్పుడు ఈ మూడు ప్రశ్నలను వెంట తీసికొనిపొండు. మొదటి వారము అతడు నవ్వును. నూరుగురు అడిగినప్పుడు నవ్వడు.